పాత బ్యాటు ఇచ్చెయ్యండి

మా బందరు కోర్టులో రాకెట్ అనే మాట వినపడదు. బ్యాటు అంటాం. తీగలు వేయించడాన్ని గట్టింగ్ అంటాం. ఒకప్పుడు పశువుల పేగుతో చేసిన గట్టు వేసేవాళ్లు. ఇప్పుడు నైలాన్, పాలియెస్టర్ వచ్చినా ఆ మాట పోలేదు. నేనూ ఆ మాటలతోనే రాస్తాను. ఇక్కడ రాసే సలహాలను మాత్రం మా కోర్టులో చాలామంది ఒప్పుకోరు. కొందరు నా ముఖం మీదే తప్పన్నారు.

కొత్త బ్యాటు కొన్నవాడికి ఊళ్లో దొరికే సలహాలు ఎప్పుడూ అవే. పాతది సంచిలోనే ఉంచుకో, అవసరానికి పనికొస్తుంది. చెయ్యి కుదిరేదాకా మెల్లగా కొట్టు. బంతి ఎగిరిపోతుంటే గట్టింగ్ బిగించు. ఎండలు తగ్గాక మొదలుపెట్టు. ముందు సర్వీసు సరిచేసుకో. ఇంకా అలవాటు కాలేదు కదా, పందెం ఆటల జోలికి పోకు. అన్నీ మనమీద ఇష్టంతో చెప్పేవే. ముప్పై ఏళ్లలో నేను మూడుసార్లు బ్యాటు మార్చాను. మొదటి రెండుసార్లూ ఈ మాటలు అక్షరాలా పాటించి, ఒక్కోసారి ఏడాది దగ్గర దగ్గర పోగొట్టుకున్నాను. మూడోసారి ప్రతి సలహానీ తిరగేసి చేశాను. నలభై రోజుల్లో చెయ్యి కుదిరింది. అందుకే ఈ రాత.

ఆ మూడో బ్యాటు అమెరికా నుంచి వచ్చింది. డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు పిల్లల సెలవులకు వస్తూ తెచ్చాడు. 300 గ్రాముల బరువు, తల 100 చదరపు అంగుళాలు. అంతకుముందు పన్నెండేళ్లు నేను ఆడింది 340 గ్రాములు, 90 అంగుళాలు. అంకెల్లో చూస్తే నలభై గ్రాముల తేడా, చిన్న నిమ్మకాయంత బరువు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఇత్తడి బిందె ఎత్తబోయి ప్లాస్టిక్ బిందె ఎత్తినట్టుంది. మొదటి ఫోర్‌హ్యాండ్ బేస్‌లైన్ దాటింది, వెనక వల దాటింది, కోర్టు పక్కనున్న మురుగు కాలువలో పడింది. కాలువ నిండా గుర్రపుడెక్క. ఊదారంగు పూల మధ్య పచ్చటి బంతి ఊగుతూ కనిపిస్తోంది గానీ గెడకర్రకు అందదు.

"దీన్ని మీ చెయ్యి ఆపలేదు మాస్టారూ. ఇవాళ్టికి పాతది తీసుకోండి" అన్నాడు నా పార్ట్‌నర్.

మా మార్కర్ నా కంటే పెద్దవాడు. కోర్టుకు నీళ్లు కొట్టి, సున్నం గీతలు గీసి, మనిషి తక్కువైనప్పుడు తానే దిగి ఆడుతూ నలభై ఏళ్లు గడిపిన మనిషి. ఆయన గీతలు గీస్తూనే తలెత్తకుండా అన్నాడు. "బ్యాటు తప్పేం లేదండీ. సంచిలో రెండున్నాయని చేతికి తెలుసు. అందుకే దీనితో కాపురం చెయ్యదు."

ఆ సాయంత్రమే పాత బ్యాటును మా వీధిలో పదో తరగతి చదివే కుర్రాడికి ఇచ్చేశాను. అరువుగా కాదు, దానంగా. నా సలహాల్లో మొదటిది, అన్నిటికంటే గట్టిది ఇదే. కొత్త బ్యాటు పట్టిన రోజే పాతది ఇల్లు దాటాలి. అటక మీద కూడా ఉండకూడదు.

ఎందుకో చెబుతాను. బంతి నాలుగు ఔటుకు పోగానే మనసు సంచివైపు పోతుంది. పాతది తీసి రెండు గేములు ఆడతాం. హమ్మయ్య అనిపిస్తుంది. మర్నాడు కొత్తది పడతాం. ఆ రెండు గేముల్లో చెయ్యి మళ్లీ పాత లెక్కకు వెళ్లిపోయి ఉంటుంది, కొత్త బ్యాటు మళ్లీ మొదటి రోజుకు వస్తుంది. ఇలా నెలలో పదిసార్లు మార్చేవాడికి చెయ్యి పదిసార్లు మొదటినుంచీ మొదలుపెడుతుంది. నా మొదటి రెండు బ్యాట్ల దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. మా అమ్మమ్మగారి ఊరు నాగాయలంక దగ్గర. వరికోతలు చేత్తో కోసే రోజుల్లో, కొత్త కొడవలి పట్టిన మనిషి పాతదాన్ని చూరులో దోపి చేలోకి వెళ్లేది. వెంట తీసుకెళితే మధ్యాహ్నానికి దానికే చెయ్యి పోతుందని అమ్మమ్మ చెప్పేది. మొదటి రోజు మడిలో వెనకబడినా సరే, కొత్తదానితోనే కోసేవాళ్లు.

రోజర్ ఫెదరర్ సంగతి చూడండి. చిన్నప్పటినుంచీ చిన్న తల బ్యాటే, చాలా ఏళ్లు 90 చదరపు అంగుళాలది. 2013లో వింబుల్డన్ రెండో రౌండ్‌లోనే ఓడాక 98 అంగుళాలది పట్టి హాంబర్గ్, గ్‌స్టాడ్ ఆడాడు. రెండుచోట్లా ఓడాడు. నడుము నొప్పి కూడా ఉందప్పుడు, అది నిజమే. కానీ వెంటనే పాత 90కి తిరిగి వెళ్లాడు. దానితోనూ ఆ ఏడాది కలిసిరాలేదు, అమెరికన్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాటలేదు. 2014 ఆరంభంలో పెద్ద తల బ్యాటు పట్టి ఇక వెనక్కి చూడలేదు. ఆ ఏడాదే వింబుల్డన్ ఫైనల్ ఆడాడు. 2017లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో నాదల్ మీద ఐదు సెట్లు ఆడి గెలిచినప్పుడు, ఏళ్ల తరబడి నాదల్ ఎత్తు బంతులకు లొంగిన బ్యాక్‌హ్యాండ్ ఆ రోజు ఎదురు తిరిగింది. ఆ చేతికంటే గొప్ప చెయ్యి ఇంకేది? దానికే రెండు బ్యాట్ల మధ్య ఊగిన ఆరు నెలలు పనికిరాకుండా పోయాయి. మనదెంత?

పాతదాన్ని అసలే వదలనివాళ్లూ ఉన్నారు. మా నాన్నగారు అలాంటివారే. ఆయనది కర్ర బ్యాటు, నాలుగు వందల గ్రాములకు కాస్త తక్కువ, తల ఇప్పటివాటిలో మూడింట రెండొంతులు. సముద్రం పక్క ఊరు, గాలిలో ఎప్పుడూ చెమ్మే. కర్ర వంగిపోకుండా దానికొక చెక్క ప్రెస్ ఉండేది. నాలుగు మూలలా నాలుగు చెవుల మరలు. ఆట నుంచి రాగానే కాళ్లు కడుక్కోకముందే గడప మీద కూర్చుని బ్యాటు మీది చెమట తుడిచి, ప్రెస్‌లో పెట్టి మరలు బిగించేవారు. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోతే కర్ర మెలితిరుగుతుందని, నాలుగింటినీ తలా ఒక చుట్టు చొప్పున తిప్పేవారు. ఆ కిరకిర ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. క్లబ్బులో అందరూ గ్రాఫైట్‌కు మారాక కూడా ఆయన మారలేదు. "నా బ్యాటు నాకు తెలుసురా అబ్బాయ్" అనేవారు. మెల్లగా ఆయన్ని డబుల్స్‌కు పిలవడం మానేశారు. 1991లో మాంటెకార్లోలో బోర్గ్ మళ్లీ ఆడటానికి వచ్చినప్పుడు కర్ర బ్యాటుతోనే దిగి, జోర్డీ అరెసె చేతిలో వరస సెట్లలో ఓడిపోయాడని పేపర్లో చదివి నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఐదుసార్లు వరసగా వింబుల్డన్ గెలిచిన చెయ్యి అది. మా నాన్నగారి ప్రెస్ నా దగ్గర ఉంది. ఆయన బ్యాటు కూడా ఉంది, గోడకు. దానితో ఆడను.

ఇక రెండోది. బంతి ఎగిరిపోతుంటే స్వింగ్ తగ్గించకండి. పోనివ్వండి. కాలువలో పడితే పడనివ్వండి.

అందరికీ కోపం తెప్పించే సలహా ఇది, బంతులు ఖరీదు కాబట్టి. కానీ లోపల ఏం జరుగుతుందో చూడండి. బంతి తీగల మీద ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగో ఐదో, అంతే. ఆ తాకిడి కబురు అరచేతి నుంచి నరాల వెంట మెదడుకు చేరేసరికి బంతి తీగలు వదిలి మూరెడు దూరం పోయి ఉంటుంది. బ్యాటు "ఫీల్" అని మనం చెప్పుకునేదంతా అయిపోయిన దెబ్బ గురించే. కాబట్టి కొట్టేటప్పుడు ఫీల్ కోసం వెతికి, మధ్యలో చెయ్యి ఆపి, మణికట్టు బిగించి ఏదో సర్దుకోవడం కుదరని పని. చేతికి పాఠం చెప్పేది ఆ తాకిడి కాదు, బంతి పడిన చోటు. నిండుగా కొట్టిన బంతి ఎక్కడ పడిందో కళ్లు చూడాలి, రేపటి దెబ్బలో చెయ్యి తనంతట తాను దిద్దుకోవాలి. భయపడి సగం చేత్తో తోసిన బంతి కోర్టులో పడినా చేతికి అబద్ధం చెప్పినట్టే. పైగా తోస్తే బంతికి తిప్పుడు పడదు. తిప్పుడు లేని బంతి తేలుతూ పోయి ఇంకా ఔటే అవుతుంది. నెమ్మదిగా కొట్టినా బయటికే పోతోందని కొత్త బ్యాటును తిట్టేవాళ్ల గొడవంతా ఇక్కడే ఉంది.

నేను చేసిన పద్ధతి చెబుతాను. రోజూ ఆటకు ముందు మార్కర్ ముప్పై బంతులు ఒకే చోట వేసేవాడు. ముప్పై నిండు ఫోర్‌హ్యాండ్లు. బంతి పడ్డ ప్రతిచోటా ఒక కుర్రాడు పెంకు ముక్క పెట్టేవాడు. మా కోర్టు కింద ఉన్నది నల్లరేగడి. దాని మీద ఆడలేం కాబట్టి నూజివీడు వైపు నుంచి ఎర్రమట్టి తోలించి పరిచారు. అందుకని నల్లపెంకు ముక్కలు స్పష్టంగా కనిపించేవి. మొదటి రోజు ఇరవై రెండు ముక్కలు బేస్‌లైన్‌కు రెండు బారల అవతల, అదీ ఎడమవైపు గుంపుగా పడ్డాయి. ఎడమవైపు ఎందుకంటే, తేలిక బ్యాటు చెయ్యి అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తుంది. కుడిచేతివాడి బంతి ఎడమకు లాగేస్తుంది. నేను ఏమీ సరిచేయలేదు. చేసిందల్లా ఒక్కటే, బంతిని కింది నుంచి పైకి తోమినట్టు కొట్టడం, నెట్ మీద రెండు మూరల ఎత్తున పోయేలా చూడటం. నెట్ నడుమ ఎత్తు మూడడుగులే, కాబట్టి చోటు చాలా ఉంది. పదో రోజుకు గుంపు కుడికి జరిగింది. ఇరవయ్యో రోజుకు సగం ముక్కలు గీత లోపల ఉన్నాయి. మొదటి వారంలో నేను స్వింగ్ తగ్గించి ఉంటే ముప్పై ముక్కలూ లోపలే పడేవేమో, చెయ్యి మాత్రం ఏమీ నేర్చుకునేది కాదు.

మా డెల్టాలో సగంమంది చేతులు అప్పటికే ఒకసారి మారిన చేతులని కూడా గుర్తుపెట్టుకోండి. స్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడి తర్వాత టెన్నిస్‌కు వచ్చినవాళ్లం. ఆ పచ్చటి ఉన్ని బంతి ముప్పై గ్రాములు మించదు. టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు, దాదాపు రెట్టింపు. మణికట్టుతో విసిరే ఆట నుంచి భుజంతో ఊపే ఆటకు మారాం. అంత తేడాను దాటిన చెయ్యి నలభై గ్రాముల దగ్గర ఆగిపోతుందా?

మొదలుపెట్టే కాలం గురించి కూడా నా మాట అడ్డంగానే ఉంటుంది. రోహిణి కార్తెలో మొదలుపెట్టండి. రోళ్లు పగిలే ఎండలంటారు, నిజమే. నడిమధ్యాహ్నం ఆడమని నేను చెప్పను, తెల్లవారి ఐదున్నరకే దిగండి. ఆ రోజుల్లో నేల బిగుసుకుని ఉంటుంది, గాలి వేడి, బంతి ఎన్నడూ లేనంత దూకుడుగా లేస్తుంది, దూరం పోతుంది. కొత్త బ్యాటుకు అన్నిటికంటే కష్టమైన రోజులవి. అప్పుడు కుదిరిన చేతికి తొలకరి పడ్డాక అన్నీ తేలికే. ధనుర్మాసంలో మొదలుపెట్టినవాళ్లకు మంచుకు ఉన్ని బరువెక్కి బంతి మందగిస్తుంది, అన్నీ లోపలే పడతాయి, బ్యాటు కుదిరిందని సంబరపడతారు. మార్చి రాగానే అదే బ్యాటు వాళ్లను మోసం చేసినట్టుంటుంది. నా రెండో బ్యాటు డిసెంబరులో కొన్నదే.

గట్టింగ్ దగ్గర నేను చేసిన తప్పు ఇంతకంటే పెద్దది. బందరు నుంచి బెజవాడ డెబ్బై కిలోమీటర్లు. రెండో బ్యాటు కొన్న ఏడాది గట్టింగ్ కోసం ఆ రోడ్డు మీద తొమ్మిదిసార్లు తిరిగాను. బంతి ఎగిరితే రెండు పౌండ్లు పెంచమనేవాణ్ణి. వారం తర్వాత చెయ్యి బరువనిపిస్తే మూడు తగ్గించమనేవాణ్ణి. నైలాన్ తీయించి పాలియెస్టర్, అది తీయించి రెండూ కలిపి. గట్టింగ్ వేసే కుర్రాడు మెషిన్ మీద బ్యాటు బిగించి, అడ్డు తీగను నిలువు తీగల కిందా మీదా దూర్చి లాగేటప్పుడు, బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూసేవాడు. టింగుమనేది. నాకు అదే పరీక్ష అనిపించేది. ఇంటికొచ్చి రోజూ నేనూ నొక్కి చూసేవాణ్ణి. నాలుగు రోజులకు ఆ టింగు దిగిపోయేది. దిగిపోయిందని మళ్లీ బస్సెక్కేవాణ్ణి.

తర్వాత తెలిసింది, దిగడం దాని గుణం. పాలియెస్టర్ తీగ బిగువు ఎక్కువగా పోయేది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, బంతి కొట్టకుండా గోడకు తగిలించినా పోతుంది. రెండు పౌండ్ల తేడా మామూలు ఆటగాడి చేతికి తెలియడం కష్టం. తెలిసిందని మనసు అనుకుంటుంది. గట్టింగ్ మార్చిన ప్రతిసారీ చేతి దృష్టిలో అది ఇంకో కొత్త బ్యాటు. అంటే ఆ ఏడాది నేను తొమ్మిది కొత్త బ్యాట్లు పట్టాను, ఒక్కదానికీ నాలుగు వారాలు ఇవ్వలేదు. కాబట్టి కొన్నప్పుడు ఏ గట్టు ఉందో అదే ఉంచండి. తెగేదాకా. మరీ వదులై బంతి లోతుగా పోతున్నా ఉంచండి, వదులు తీగ మోచేతికి మెత్తన కూడాను. తల మీద సీసపు పట్టీలు అంటించకండి. కొసన ఐదు గ్రాములు వేసినా ఊపులో బరువు చాలా మారిపోతుంది. తీగల మధ్య పెట్టే రబ్బరు బిళ్ళను కూడా తీసి జేబులో వేసుకోండి. అది తీగ జుయ్యిమనడాన్ని ఆపుతుందే గానీ చేతికి తగిలే అదురును ఆపదు. నలభై రోజులు ఆ చప్పుడు మీకు కావాలి. నడిమధ్యన తగిలిన బంతి ఒకలా మోగుతుంది, అంచుకు తగిలింది బొంగురుగా మోగుతుంది. కన్ను కంటే ముందు చెవి చెబుతుంది.

ఇందులో ఒక్క మినహాయింపు ఉంది, గ్రిప్. అది మాత్రం మొదటి రోజే చూసుకోవాలి, నలభై రోజులు ఆగకూడదు. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతి దిబ్బకూ మధ్య రెండో చేతి చూపుడువేలు పట్టాలి. పట్టకపోతే పిడి సన్నం, ఎక్కువ చోటుంటే లావు. అమెరికా నుంచి వచ్చిన నా బ్యాటు 4 3/8 అంగుళాలది. మన ఉక్కపోతలో పది నిమిషాలకే చెమటకు జారిపోతుంది కాబట్టి పైన ఓవర్‌గ్రిప్ చుట్టాలి, అది చుట్టగానే పిడి అర సైజు లావెక్కుతుంది. ఇది లెక్కలో పెట్టుకుని ఒక సైజు తక్కువది కొనడమే మా ప్రాంతంలో మంచిది. జారే పిడిని జారకుండా పట్టుకోవాలని బిగించే చెయ్యే మోచేతి నొప్పిని ఇంటికి తెచ్చుకుంటుంది.

సర్వీసును చివరికి వదలండి. ముందు అదే సరిచేసుకోమని ఎందుకంటారంటే, ఎవరూ బంతి వేయక్కర్లేదు, మన ఇష్టం వచ్చినన్ని కొట్టుకోవచ్చు. నా దృష్టిలో వద్దనడానికి కారణం కూడా అదే. ఎడమచేత్తో బంతి ఎగరేసే ఎత్తు, మోకాళ్లు వంచే క్షణం, భుజం తిరిగే తీరు, అన్నీ పాత బ్యాటు బరువుతో ముడిపడి ఉన్న ఆట అది. తొందరపడి విప్పితే మొత్తం విడిపోతుంది. మూడు వారాలు రెండో సర్వీసులాంటి మెత్తటి బంతే వేయండి. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ కుదిరేసరికి సర్వీసులో సగం దానంతటదే కుదురుతుంది. నాకు అలాగే జరిగింది.

పందెం ఆటలు మాత్రం మొదటి వారం నుంచే ఆడండి. ఓడిపోండి. రెండో వారంలో గుడివాడ వాళ్లు డబుల్స్‌కు రమ్మన్నారు. అందరూ వద్దన్నారు. వెళ్లాను. పార్ట్‌నర్‌కు ముందే చెప్పాను, "ఇవాళ ఓడతాం, ఒప్పుకుంటేనే రండి" అని. 6-1, 6-2. తిరుగు బస్సులో పామర్రు దాకా అతను నాతో మాట్లాడలేదు. నాకు బాధ లేకపోలేదు, ఆటగాడికి ఓటమి ఓటమే. కానీ ఒక పాయింటు ఉంది. 30-40 దగ్గర నెట్ దగ్గరున్న మనిషి పక్క నుంచి బ్యాక్‌హ్యాండ్ కొట్టాను. ఆలోచించే వ్యవధి లేదు. బంతి గీత మీద పడింది. ప్రాక్టీసులో నేను ఆ దెబ్బ కోసం వారం వెతికాను, దొరకలేదు. పాయింటు పోతుందన్న భయంలో చెయ్యి ఒంటరిగా నిర్ణయం తీసుకుంటుంది, అప్పుడే కొత్త బ్యాటుతో దానికి నిజమైన పరిచయం.

నేను ఇంత మొండిగా చెబుతున్నా, ఒకచోట మాత్రం నా సలహాలన్నీ వదిలెయ్యండి. మోచేయి బయటివైపు ఎముక దగ్గర నొప్పి మొదలై, చెంబు ఎత్తినా, తాళం తిప్పినా లాగుతుంటే ఆట ఆపండి. నలభై రోజుల దీక్ష అని ఓర్చుకోకండి. తేలికైన, బిరుసైన ఫ్రేములు అదురును చేతికి ఎక్కువ పంపుతాయి. బరువు బ్యాటు ఆ అదురును తానే మింగుతుంది. బరువైన పాత బ్యాటు మీద అలవాటుపడ్డ యాభై ఏళ్ల చేతికి ఈ బాధ రావచ్చు. డాక్టరుకు చూపించండి, తగ్గేదాకా గోడకు కూడా కొట్టకండి. ఆ బ్యాటు మీ చేతికి పడనిదైతే ఇంకో కొత్తది చూసుకోండి. మా కోర్టులో ఒక మంచి ఆటగాడు ఈ నొప్పిని ఏడాది దాచిపెట్టి, ఇప్పుడు బెంచీ మీద కూర్చుని ఆట చూస్తున్నాడు. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

నలభయ్యో రోజు ఏ విశేషమూ జరగలేదు. ఆట అయ్యాక మార్కర్ పెంకు ముక్కలు ఏరుతూ, "ఇంక ఇవి ఎందుకండీ" అన్నాడు. అప్పుడు గమనించాను, రెండు రోజులుగా నేను వాటివైపు చూడటమే లేదు. చేతిలో ఏ బ్యాటు ఉందన్న ధ్యాసే లేదు.

ఆ వారమే పదో తరగతి కుర్రాడు మా ఇంటికొచ్చాడు. నా పాత బ్యాటు గట్టు తెగింది. నా కొత్తదానిది కూడా ఒక తీగ తెగడానికి సిద్ధంగా ఉంది. ఇద్దరం ఆదివారం బెజవాడ బస్సెక్కాం, రెండు బ్యాట్లూ మోకాళ్ల మధ్య పెట్టుకుని. నా 340 గ్రాముల బ్యాటుతో వాడు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కొడుతున్నాడు. పిడి పైభాగాన వాడి ఎడమచేతి చెమటకు నా పాత గ్రిప్ నల్లబడింది. ఉయ్యూరులో బస్సు ఆగినప్పుడు చెప్పాను, సాకేత్ మైనేని పుట్టిన ఊరు ఇదేరా అని. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం గెలిచాడని, 2016లో అమెరికన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ నెగ్గి మెయిన్ డ్రాలో ఐదు సెట్లు ఆడి ఓడాడని చెప్పాను. వాడు కిటికీలోంచి ఉయ్యూరును చాలాసేపు చూశాడు.

బస్సు కదిలాక అడిగాడు. "తాతయ్యా, గట్టింగ్ కొంచెం టైటు చేయించమంటారా? నా బంతులన్నీ బయటికే పోతున్నాయి."

"ఇంతకుముందు ఎంత ఉందో అంతే వేయించు" అన్నాను. "బంతులు పోనీ."